వదిన మింగని ఐరన్ బిళ్ళలు

తోటలో కోసిన మామిడికాయలను ఏరుతూ, నిండు గర్భిణి అయిన మా వదిన ఆయాసంతో గంప పక్కనే కూలబడింది. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ బిళ్ళలను అమ్మ తన కొంగున ముడేసి దాచేసిందని వదిన చెప్తే అప్పుడే తెలిసింది.

"అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందిరా," అంది అమ్మ.

పుట్టబోయే బిడ్డ రంగు కోసం తల్లి ఊపిరిని పణంగా పెట్టే హక్కు ఎవరిచ్చారు? నాకు ఒళ్ళు మండింది.

"రక్తంలో ఆక్సిజన్ తగ్గితే, కొత్త ఎర్రకణాలు చెయ్యమని కిడ్నీలు ఎముకల్లోని మజ్జకు కబురు పంపుతాయమ్మా. పాత కణాల్లోని ఇనుమునూ ఒళ్ళు పారేయదు, మళ్ళీ వాడుకుంటుంది. అదీ చాలకపోతే మజ్జ దేనితో చేస్తుంది?"

"నీ డిబేట్లు కాలేజీలో పెట్టుకో!" అని అమ్మ కసిరింది.

"నేనూ నల్లగానే పుట్టానుగా. అప్పుడు నువ్వెన్ని బిళ్ళలు మింగావేంటి?"

"మా రోజుల్లో బిళ్ళలెక్కడివిరా!" అంటూనే అమ్మ నాలుక్కరుచుకుంది.

వదిన చెయ్యి చాపింది. "ఆ బిళ్ళలు ఇటివ్వండి అత్తయ్యా."