గంగులమ్మ పెట్టిన సగం ముద్ద

చిత్తూరుకు మూడు మైళ్ళ దూరంలో, మామిడి తోటల నడుమ ఉన్న ఊళ్ళో గంగులమ్మ కాపురం. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు మునిరామయ్య తోటల్లో కాయ కోసి బండికెత్తే పనికి పోతాడు. ఆమె టౌనులో చింతపండు కొట్టి గింజ తీసే కూలికి పోయేది. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఒంగి కూర్చుని కొట్టీ కొట్టీ, ఇంటికి చేరేసరికి వేళ్ళు కొయ్యబారి కడవ అంచు కూడా పట్టుకోనిచ్చేవి కావు.

ఆమెకు ఒక కూతురుండేది, భారతమ్మ. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, మూడు రోజులు నొప్పులు పడి, బిడ్డ బయటపడకుండానే పోయింది. లోపల బిడ్డ మరీ పెద్దదైపోయిందని అక్కడ చేరిన ఆడవాళ్ళంతా అన్నారు. ఏడో నెల నుంచి ఆ కూతురికి చెనిక్కాయలూ బెల్లమూ, వేడి సంకటిలో నెయ్యీ, అడిగినవీ అడగనివీ పెట్టింది గంగులమ్మే. “కన్నతల్లే మేపి చంపుకునింది” అని గోడవతల ఎవరో అన్న మాట ఆమె చెవిన పడింది. పన్నెండేళ్ళు గడిచినా ఆ మాట ఆమెను వదల్లేదు.

అందుకే రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజుల్లో కోడలు తిరుమలమ్మ నీళ్ళోసుకున్నప్పుడు గంగులమ్మ సంతోషపడలేదు. భయపడింది. మూడో నెల దాటగానే సంకటి ముద్దను రెండు చేసి సగమే కోడలి పళ్ళెంలో పెట్టడం మొదలుపెట్టింది.

“ఎక్కువ తినబాక మే. బిడ్డ లావైతే నీకే కష్టం” అనేది.

తిరుమలమ్మ పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఎదురుచెప్పే రకం కాదు. ఆ సగం ముద్ద పులుసులో అద్దుకుని తిని, పళ్ళెం వేలితో తుడిచి నాకి, నీళ్ళు తాగి లేచేది. అవి కరువు రోజులే. రేషన్ అంగట్లో ఇచ్చే బియ్యంలో సగం నూకలూ పురుగులూ. అయినా గంగులమ్మ ఇంట్లో మాత్రం రాగులకు లోటు లేదు. కుండలో సంకటి మిగిలేది. మిగిలింది మర్నాడు గంజిలో కలుపుకుని మునిరామయ్య తాగేవాడు.

ఆరో నెలకు కోడలి రవిక భుజాల మీంచి జారసాగింది. మెడ కింద ఎముకలు తేలాయి. నీళ్ళు చేదేటప్పుడు చేతి గాజులు బావిలో పడతాయేమోనని తీసి గట్టు మీద పెట్టుకునేది. కడుపుతో ఉన్న మనిషి ఇట్లా చిక్కిపోతున్నదేమని పొరుగావిడ అడిగితే, “సుళువుగా కాన్పు కావాల కదా” అంది గంగులమ్మ. అప్పుడామె మనసు కొంచెం కుదుటపడింది కూడా.

ఒకరోజు ఆమె పని నుంచి తొందరగా వచ్చింది. తిరుమలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, వేయించిన చింతగింజలు రాతితో పగలగొట్టి నములుతూ ఉంది. అత్తను చూసి కొంగు కప్పుకుంది. గంగులమ్మ దగ్గరికొచ్చి కొంగు లాగి, గింజలన్నీ తీసి బయటికి విసిరేసింది. తిరుమలమ్మ తల వంచుకుని, నోట్లో ఉన్నదాన్ని మాత్రం మింగింది.

కాన్పు ఒక్క పూటలో అయిపోయింది. పొద్దున నొప్పులు మొదలైతే మధ్యాహ్నానికి ముందే మంత్రసాని తాయమ్మ బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. తల్లి బతికింది. గంగులమ్మ గోడకు ఆనుకుని కూలబడి, కళ్ళు మూసుకుని, పన్నెండేళ్ళ తరువాత గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. కళ్ళు తెరిచేసరికి తాయమ్మ ఇంకా బిడ్డనే చూస్తూ ఉంది.

“ఆడబిడ్డ. ఏడవలేదు సూడు” అంది తాయమ్మ.

బిడ్డ రెండు అరచేతుల్లో ఒదిగిపోయింది. తొడల దగ్గర చర్మం ముడతలు పడి వేలాడుతూ ఉంది. ముసలిముఖం. రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలు చీకి అలసి నిద్రపోయేది. తల్లికీ పాలు సరిగా పడలేదు. పదో రోజున బిడ్డ ఒళ్ళు చల్లబడుతూ ఉంటే, బండి కట్టించి చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడి నర్సు ఆనందమ్మ బిడ్డను తక్కెడలో పెట్టి తూచింది. నాలుగు పౌన్లు కూడా లేదు. తరువాత తల్లిని తూకం మీద నిలబెట్టి, ముల్లు చూసి, మళ్ళీ ఒకసారి చూసింది.

“కడుపుతో ఉండంగ ఏం తినేదానివమ్మా?”

గంగులమ్మ కోడలి వైపు చూసింది.

“ఉండేది తిన్న్యాను” అంది తిరుమలమ్మ.

అప్పుడు గంగులమ్మే నోరు తెరిచింది. “ఉన్నిందమ్మా. నేనే పెట్టలేదు.” భారతమ్మ సంగతంతా చెప్పింది. బెల్లం, చెనిక్కాయలు, మూడు రోజుల నొప్పులు.

ఆనందమ్మ కోప్పడలేదు. రోజుకు అలాంటివాళ్ళను ఎంతమందిని చూస్తుందో, ఆమె గొంతులోనూ అలసటే ఉంది.

“నీ కూతురు తిండి వల్ల పోలేదవ్వా. నడుము ఎముకలు ఇరుకుగా ఉంటే చిన్నబిడ్డ కూడా అడ్డం పడతాది. మొదటిరోజే ఈడికి తెచ్చింటే బతికేదేమో. ఈ పిల్ల సంగతి వేరు. నెలనెలా ఒళ్ళు చేయాల్సిన మనిషి చిక్కిపోయింది. తల్లి ఒంట్లో లేంది బిడ్డకు యాడినుంచి వస్తాది?”

గంగులమ్మకు మొదట అర్థమైంది మొదటి మాటే. కూతుర్ని తను చంపలేదు. ఆ మాట పట్టుకుని ఏడవబోయి, కోడలి ఒళ్ళోని బిడ్డను చూసి ఆగిపోయింది.

బిడ్డను దూదిలో చుట్టి తల్లి రొమ్ముకు ఆనించుకుని ఉండమన్నారు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పొయ్యమన్నారు. అన్నిటికన్నా ముందు తల్లికి కడుపునిండా పెట్టమన్నారు. గంగులమ్మ చింతపండు పని మానేసింది. పూటపూటకూ కోడలికి రెండేసి ముద్దలు, ఉలవలు, దొరికిన రోజు పాలు పెట్టింది. బిడ్డ బతికింది. వరలక్ష్మి అని పేరు పెట్టారు.

బతకడమైతే బతికింది గానీ, గట్టిపడలేదు. చిరుజల్లు పడితే చాలు రొమ్ము పడిశం. ఊరంతా తగ్గిపోయిన దగ్గు ఆమెకు మాత్రం నెలల తరబడి ఉండేది. రెండున్నరేళ్ళకు నడిచింది. నెలకు రెండుసార్లు గంగులమ్మ ఆమెను చంకనెత్తుకుని మూడు మైళ్ళు ఆసుపత్రికి నడిచేది. “మీ మనవరాలికి రెండేళ్ళా?” అని దారిలో అడిగేవాళ్ళు. “నాలుగు నిండినాయి” అని చెప్పీ చెప్పీ, చివరికి చెప్పడం మానేసింది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు తిరుమలమ్మకు మళ్ళీ కడుపైంది. ఈసారి గంగులమ్మ పక్కన కూర్చుని మరీ తినిపించింది. మళ్ళీ ఆడపిల్లే, బొద్దుగా పుట్టింది. ఏడాదికే అక్క చేతిలోది లాక్కుని పరుగెత్తేది.

ఒక మధ్యాహ్నం చిన్నది ఆవరణలో ఆడుకుంటూ ఉంటే, వరలక్ష్మి అరుగు మీద ఎగఊపిరితో కూర్చుని చూస్తూ ఉంది. గంగులమ్మ ఆమె వీపు రాస్తూ కోడలిని అడిగింది. ఐదేళ్ళుగా అడగనిది.

“ఆకలవుతాండాది అని అప్పుడు ఒక్కమాట ఎందుకు చెప్పలేదే?”

తిరుమలమ్మ రాగులు చెరుగుతూ తల ఎత్తలేదు. “చెప్పింటే పెట్టుంటావా అత్తా?”

గంగులమ్మకు అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు.

“లేదు” అంది.

తిరుమలమ్మ చేట దులిపింది. ఆ రోజు ఆసుపత్రికి పోవలసిన రోజు. గంగులమ్మ మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి, పిల్లను చంకనెత్తుకుని, ఎండలోకి దిగింది.