ముందున్నదే ఆయన పేరు

మా మేడమీద అద్దెకుండిన మేష్ట్రు పోయిన బుధవారం గుండె ఆగి చనిపోయారు. ఇథియోపియాలో ఉన్న వాళ్ల తమ్ముడికి ఆ కబురు పంపింది నేనే. తప్పు పేరుతో పంపాను. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

అక్కడ కాలేజీలో చరిత్ర చెప్పే మనిషి, పరిశోధన కోసం మూడేళ్ల కిందట బెంగళూరు వచ్చారు. యలహంకలో మా ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే మా అమ్మ, "మీరు యాడోళ్లప్పా?" అనడిగింది. దేశం ఇథియోపియా అనీ, తాము ఒరోమో జాతివాళ్లమనీ రెండూ విడివిడిగా చెప్పారు. నేను మాత్రం వీధిలో అందరికీ మొదటిదే చెప్పాను.

అద్దె కాగితంలో ఆయనవి మూడు పేర్లు వరుసగా ఉన్నాయి. మన అలవాటుకొద్దీ మొదటిది ఇంటిపేరనుకుని రెండోదానితో పిలవడం మొదలుపెట్టాను. వారం తర్వాత ఆయనే నవ్వుతూ, "మాకు ఇంటిపేర్లు లేవు. ముందున్నది నాది, తర్వాతది మా నాన్నది, చివరిది తాతది" అన్నారు. సరే అన్నాను కానీ, నోటికి పట్టిన అలవాటు మార్చుకోలేదు. పిలిచినప్పుడల్లా ఆయన పలికేవారు.

ఆదివారాలు కాఫీ గింజల్ని వెన్నలో వేయించేవారు. "ఏమప్పా మేష్ట్రూ, కాఫీకి తిరగమాత ఏస్తా ఉండావా?" అని ఆటపట్టిస్తూనే మా అమ్మ గిన్నె చాపేది. ఆ గింజలు నములుతూ వాళ్ల పుట్టుక గురించి చెప్పేవారు. సముద్రం దాటి వచ్చారని ఒకరు రాశారట, దక్షిణాన్నుంచి దండెత్తి వచ్చారని ఇంకొకరు. మడ్డ వలాబు అనే చోట మొదలయ్యామని వాళ్ల పెద్దలు చెప్పుకుంటారట. వాళ్ల నాన్న చదివిన బడిలో ఒరోమో మాట వినబడితే దెబ్బలేనట. "మేమెవరమో చెప్పినవాళ్లలో, మమ్మల్ని అడిగినవాళ్లు తక్కువ" అనేవారు. నేను తలూపేవాణ్ని.

బయటివాణ్ని తమ వంశంలో చేర్చుకుంటే, ఆ తర్వాత వాడి పాత పుట్టుక ఎవరూ ఎత్తకూడదని ఒకసారి చెప్పారు. "అట్ల ఉండాల," అంది మా అమ్మ. "మా తాత మడకశిర నుంచి వచ్చినాడు. ఈడ ఇంకా మమ్మల్ని ఆంధ్రావాళ్లనే అంటా ఉండారు."

బుధవారం ఆసుపత్రి వరండాలో, ఆయన డైరీలో తమ్ముడి నంబరు వెతికి మెసేజ్ పెట్టాను. నేను రోజూ పిలిచే పేరు రాసి, ఆయన చనిపోయారని రాశాను. పట్నంలో ఉన్న తమ్ముడు ఆ పేరు చదివి, నంబరు ఎక్కడిదో చూసుకోకుండా, బంధువుల్ని వెంటబెట్టుకుని పల్లెకు బయల్దేరాడు. దారి పొడవునా ఏడ్చుకుంటూ వెళ్తే, తండ్రి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "మా నాన్న బతికే ఉన్నారు. మరి పోయిందెవరు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

మూడేళ్లలో ఆ మొదటి పేరు నేను పలికింది అప్పుడే. అవతల తమ్ముడు ఆ పేరు తండ్రికి చెప్పడం వినబడింది.

తర్వాత పెద్దాయన ఫోన్ తీసుకున్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కొడుకు పేరొక్కటే అన్నారు. నేనూ అదే పేరు అన్నాను. నేను సరిగ్గా పలకలేదేమో, ఆయన నెమ్మదిగా విడదీసి మళ్లీ చెప్పారు. నేనూ మళ్లీ అన్నాను. నాలుగోసారికి నాకు సరిగ్గా వచ్చింది. అప్పుడాయన ఏడవడం మొదలుపెట్టారు.