కాశీలో వదిలిన మాత్ర

మా ఆయన పోయాక నాకు అబిడ్స్‌లో రోడ్డు దాటడం చేతకాకుండా పోయింది. బడిలో లెక్కలు చెప్పడానికి ముప్ఫై రెండేళ్లు రోజూ దాటిన రోడ్డే. పోస్టాఫీసు ముందు నిలబడగానే గుండె దడదడలాడేది, అరచేతులు తడిసేవి, ఊపిరి అందేది కాదు.

నాంపల్లి డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండె బాగానే ఉందని, ఇది ఆందోళన అని చెప్పి ఒక చిన్న మాత్ర రాశాడు. "నెల రోజులకేనమ్మా. అయిపోగానే నాకు కనిపించాలి" అన్నాడు.

ఆ మాత్ర చేసిన మేలును నేను తక్కువ చేసి చెప్పను. వారం తిరగకుండా మొజంజాహీ మార్కెట్ దాకా ఒక్కదాన్నే నడిచి వెళ్లి, సీతాఫలాలు బేరమాడి తెచ్చుకున్నాను.

డాక్టరుకు మాత్రం మళ్లీ కనిపించలేదు. పాత చీటీ చూపిస్తే మందుల షాపులో ఇచ్చేవారు. అలా రెండేళ్లు. అప్పటికి మాత్ర పడకపోతే గడప దాటలేను, పడితే బుర్ర మొద్దుబారేది. రెండుసార్లు స్నానాలగదిలో తూలి గోడ పట్టుకున్నాను. కూరలబండి దగ్గర నాలుగు అంకెలు కూడలేక మొదటికొచ్చాను. ఇంటిల్లిపాదికీ తిథులు గుర్తుచేసేదాన్ని, మా ఆయన తిథిని పక్కింటావిడను అడిగి తెలుసుకున్నాను. తూలినప్పటి కన్నా ఆ రోజు ఎక్కువ భయపడ్డాను.

ఆ కార్తీకంలో బంధువులతో కాశీ వెళ్లాను. అక్కడ ఇష్టమైన కాయో పండో వదిలేసి రావడం ఆచారం. ఒకరు వంకాయ వదిలారు, ఒకరు జామపండు. కాయలు వదిలితే నాకేం ఒరుగుతుంది, నన్ను పట్టుకున్నదాన్ని వదలాలి గానీ అనుకుని, మూడు మునకలు వేసి మాత్రను వదిలేశాను.

ఇల్లు చేరేసరికే చేతులు వణకసాగాయి. కళ్లు మూతపడవు. కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడి ఏడ్చాను. వెనకటి భయం ఇంతింతై తిరిగొచ్చింది. అయినా మాత్ర ముట్టలేదు. గంగకు ఇచ్చిన మాట.

పక్కింటావిడ వచ్చి చూసింది. వాళ్లకు బేగం బజార్‌లో జీలకర్ర, మిరియాల దుకాణం. నా చేతిలో గ్లాసు తొణకడం చూసి అందుకుంది.

"ఏందక్కా, గిట్ల వణుకుతున్నవ్?"

చెప్పాను.

"గోలీ ఇడిసినవా? కాశీల? జర చెప్పు, నీకు గా గోలీ అంటే ఇష్టమా?"

"ఇష్టమేమిటి! నోట్లో పెడితే చేదు."

"ఇష్టం లేనిది గంగమ్మకెట్ల ఇస్తవ్? మా అత్త గిట్లనే కాకరకాయ ఇడిసొచ్చింది. ఎన్నడన్న తిన్నదా! మా మామ ఉన్నన్ని రోజులు నవ్విండు."

నవ్వొచ్చింది గానీ ఒప్పుకోలేదు. "మాట మాటేనమ్మా."

"పానం ముందు, మాట తర్వాత. లే, దవాఖానకు పోదాం. నడవకుంటే ఎత్తుకపోత."

డాక్టరు అంతా విని పెన్ను కింద పెట్టాడు. "ఫిట్స్ వచ్చి పడిపోలేదు, అది మీ అదృష్టం. ఇన్నాళ్లు వాడిన ఈ మందును ఒక్కసారిగా మానకూడదు. మళ్లీ మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. నెలలు పడుతుంది. ఎంత తగ్గించాలో ప్రతిసారీ నేనే చెప్తాను."

"మాట ఇచ్చానండీ."

"అది నేను చెప్పగలిగేది కాదమ్మా. మాత్ర మాత్రం ఇప్పుడే వేసుకోండి" అని ఒకటి నా చేతిలో పెట్టాడు.

పక్కింటావిడ నీళ్ల సీసా మూత తీసి పట్టుకుంది. నేను మాత్ర వేసుకున్నాను.

తిరిగి వస్తుంటే మార్కెట్ ముందు గంపల్లో ఆ ఏటి చివరి సీతాఫలాలు. నాకు నిజంగా ఇష్టమైన పండు అదొక్కటే. ఆటోలోనే కళ్లు మూసుకుని గంగకు చెప్పుకున్నాను. ఆవిడ ఒప్పుకుందో లేదో నాకు తెలియదు.

మాత్ర పూర్తిగా ఆగేసరికి మామిడిపళ్లు వచ్చాయి. మధ్యలో రెండుసార్లు తట్టుకోలేకపోతే డాక్టరు తగ్గించడం ఆపి, కొన్నాళ్లు అక్కడే ఉంచాడు. అంకెలు నెమ్మదిగా తిరిగొచ్చాయి. ఆ మాత్ర నాకు రోడ్డును తిరిగిచ్చింది, ఆ మాట ఎవరడిగినా చెప్తాను. డాక్టరు ఎన్నాళ్లు వాడమన్నారో వాళ్లను కూడా అడుగుతాను.

దడ ఇప్పటికీ వస్తుంది. పోస్టాఫీసు గోడ పట్టుకుని నిలబడతాను, కాసేపటికి తగ్గుతుంది, దాటుతాను.

సీతాఫలాల కాలం వస్తే పక్కింటావిడ మా వరండాలో కూర్చుని నా ముందే తింటుంది. "ఒక్కటి తినక్కా, గంగమ్మ ఈడిదాక వచ్చి చూస్తదా?" అంటుంది.

నేను గింజలకు పళ్లెం తెచ్చిస్తాను.