కడిగిన పంపా, కడగని పంపా?

వినుకొండ చుట్టుపక్కల మిరప తోటల్లో మందు కొట్టే కూలీలకు కొదవ లేదు. అయినా నతానియేలు కోసం రైతులు రెండు రోజులు ఆగేవారు. కలుపు మందు కొట్టిన పంపును సర్ఫు నీళ్లతో మూడుసార్లు కడిగితే తప్ప అతను మిరపలో అడుగు పెట్టడు. పంపు అడుగున కాస్త కలుపు మందు మిగిలినా చాలు, పూత మీదున్న తోట మాడిపోతుంది. ఆ నమ్మకం తప్ప నతానియేలుకు వేరే ఆస్తి లేదు.

షుగరు జబ్బు వచ్చి తొమ్మిదేళ్లయింది. ఏడాదిగా మాత్రం తల లోపల పొగ కమ్మినట్లుంటోంది. మాట సగంలో ఆగిపోతుంది. సొంత బావమరిది పేరు నోటికి రాదు. చక్కెర పెరిగినా, పడిపోయినా మెదడు మందగిస్తుందని, వేళకు తిని మాత్ర వేసుకోమని ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. తిన్నాడో లేదో గుర్తులేని మనిషికి ఆ సలహా ఎలా అక్కరకు వస్తుందో చెప్పినవారు లేరు. మతి తప్పుతోందని గుసగుసలు పుట్టి, ఇద్దరు రైతులు అతన్ని పిలవడం మానేశారు కూడా.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాడు. పంపు కడిగిందో కడగలేదో తెలిసేలా దాని పట్టీకి ఎర్రగుడ్డ కట్టడం.

కౌలు రైతు ఉస్మాన్ మిరప తోటకు మందు కొట్టాల్సిన ముందురోజు రాత్రి, పంపును అతని పాకలో పెట్టి వెళ్లాడు. ఉదయం వచ్చేసరికి ఉస్మాన్ అందులో పురుగు మందు కలిపి నింపేశాడు. పట్టీకి గుడ్డ వేలాడుతోంది. నతానియేలు దాని వైపే చూస్తూ నిలబడ్డాడు. గుడ్డ కట్టిన మాట గుర్తుంది. కడిగాక కడతాడా, కడగాల్సి ఉంటే కడతాడా? అదే గుర్తు లేదు.

"ఏరా, పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తన్నావేంది? ఎండెక్కుతోంది," అన్నాడు ఉస్మాన్.

"ఇదిగో, ఎత్తుకుంటన్నానన్నా."

ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చెప్పడమంటే తన మతి పోయిందని తన నోటితోనే ఒప్పుకోవడం. ఇరవై ఏళ్లలో కడగని రోజు లేదు కనుక నిన్న కూడా కడిగే ఉంటాడు. అలవాటునే సాక్ష్యంగా నిలబెట్టుకుని, పంపు భుజానికెత్తుకుని తోటలోకి వెళ్లాడు. ఉస్మాన్ అవతలి చేనికి నీళ్లు పెట్టడానికి పోయాడు.

సగం పంపు అయ్యేసరికి నతానియేలు చేతులు వణికాయి. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఎలాగో గట్టు మీదకు వచ్చి కూలబడ్డాడు. ఉస్మాన్ పరుగున వచ్చి, పాకలో టీ కోసం దాచిన పంచదార తెచ్చి అతని నోట్లో పోశాడు. భార్య ఆదెమ్మ కట్టిచ్చిన క్యారేజీ తెరిచి చూస్తే అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"మాత్రేసుకుని తిండి మానేశావేంట్రా? చచ్చిపోతావురా!"

"తిన్నాననుకున్నానన్నా."

పావుగంటకు తల తేటపడింది. ఆ తేటలోనే నిన్నటి సాయంత్రం వరసగా కనిపించింది. లక్ష్మీకాంత్ అనే రైతు పొలం గట్ల మీద తను కలుపు మందు కొట్టాడు. కరెంటు పోయి బోరు ఆగింది. నీళ్లు లేక, పొద్దున కడుగుదామని గుడ్డ కట్టాడు.

"అన్నా, పంపు కడగలేదు."

"ఏ పంపు?"

"ఇదే. నిన్న కలుపు మందు కొట్టాను దీంతో."

ఉస్మాన్ తిట్టిన తిట్లన్నీ నతానియేలు తలవంచుకుని విన్నాడు.

"ఇప్పుడే ఆకులు కడిగితే కొన్నన్నా బతుకుతయ్యేమో. ఏ సాళ్లు కొట్టావు? చెప్పు తొందరగా!"

నతానియేలు లేచి తోట వైపు తిరిగాడు. మందు తడి ఎండకు ఆరిపోయింది. ఎటు చూసినా ఒకటే ఆకుపచ్చ, ఒకటే తెల్ల పూత.

"ఈ పక్కనుంచే... కాదు, ఆ చివర్నుంచి..."

"సరిగ్గా చెప్పరా! రెండెకరాలురా నాది!"

"గుర్తు రావట్లేదన్నా." అతను ఒక మొక్క ఆకును చేత్తో తడిమి చూశాడు. "దేవుని తోడు, గుర్తు రావట్లేదు."

రెండెకరాలూ కడగడం తప్ప దారి లేదు. ఉస్మాన్ బోరు వేసి గొట్టం లాగాడు. నతానియేలు బకెట్టు అందుకున్నాడు.

"కూర్చోరా! మళ్లీ పడితే నిన్నెవడు మోసేది?"

అతను కూర్చోలేదు. చెంబుతో ఒక్కొక్క మొక్క మీదా నీళ్లు పోస్తూ సాలు వెంట నడిచాడు. రెండు సాళ్ల అవతల ఉస్మాన్ ఒక చేత్తో గొట్టం పట్టుకుని, మరో చేత్తో ఫోను చెవికి ఆనించాడు.

"రహమానూ, రేపట్నుంచి మా తోటకి మందు నువ్వే కొట్టాలి... వాడా? వాడికి ఒంట్లో బాగోలేదులే."

నతానియేలు విన్నాడు. బకెట్టు ఖాళీ అయింది. నింపుకోవడానికి బోరు దగ్గరకు వెళ్లాడు.