ముఫ్లిస్ అంటే

మంగలి షాపులో మెడకు పౌడరు రాసినప్పుడల్లా నాకు పేకముక్కలు గుర్తొస్తాయి. గోల్‌మురిలో మా ఫ్యాక్టరీ క్వార్టర్ల వరండాల్లో దీపావళి వారమంతా తీన్ పత్తీ, మూడు ముక్కలాట, సాగేది. ముక్కలు చెమటకు అతుక్కోకుండా పౌడరు పూసేవాళ్లు. ఆ వాసనలో అమ్మ వేయించే గారెల వాసన, గోడలకు కొత్తగా వేసిన సున్నం వాసన, పక్కింటి బిహారీ ఆడపిల్లలు మట్టితో కట్టిన బొమ్మరింటి ముందు పోసిన పేలాల వాసన కలిసిపోయేవి.

ఆట నేర్పింది మా చిన్నాన్న. ఫ్యాక్టరీలో ఫిట్టరు. షిఫ్టు దిగి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. విడి ముక్కల కన్నా జోడీ పెద్దది, జోడీ కన్నా కలర్, కలర్ కన్నా వరస, ఒకే రంగులో వరస ఇంకా పెద్దది, అన్నిటి మీదా ఒకే రకం మూడు ముక్కలు, అందులోనూ మూడు ఆసులు. ఎక్కాల్లా వల్లించాను. లోకంలో ఇంత కచ్చితమైనది ఇంకొకటి లేదనిపించేది.

పండగ మధ్యాహ్నం పిల్లలం టపాసులు పందెం కాశాం. చిన్నాన్న ముక్కలు పంచుతూ “ముఫ్లిస్!” అని అరిచాడు. వీధిలో నేర్చుకున్న నా హిందీలో ఆ మాట లేదు. సరదాకు వేసిన కేక అనుకున్నాను. నాకు మూడు ఆసులు పడ్డాయి. చివరికి నేనూ, చిన్నాన్న పై అధికారి అయిన ఫోర్‌మన్ కొడుకు బబ్లూ ఇద్దరమే మిగిలాం. బబ్లూకు తెలుగు రాదు కాబట్టి ధైర్యంగా అడిగాను.

“చిన్నాన్నా, మూడు ఆసుల కన్నా పెద్దది ఏటీ నేదు కదా?”

“నేదురా. నాను సెప్పనేదేటి? ఎయ్యి, భయమేటి?”

నాన్న సాక్చీ బజారు నుంచి తెచ్చిన తారాజువ్వల కట్ట మొత్తం పెట్టేశాను. బబ్లూ వేర్వేరు రంగుల్లో రెండు, మూడు, ఐదు పరిచి, “మై జీతా!” అంటూ కట్ట లాక్కున్నాడు. ముఫ్లిస్‌లో అన్నిటికన్నా చిన్న ముక్కలదే గెలుపట.

“ముఫ్లిస్ అన్నాను కదరా, ఇన్నేదేటి?” అని చిన్నాన్న నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఫోర్‌మన్ బాబు పిల్లడురా. పండగపూట ఆడు ఏడిత్తే బాగుంటాదేటి?” అన్నాడు.

ఆ సాయంత్రం నా తారాజువ్వలు వెలిగించడానికి బబ్లూకు సీసా నిలబెట్టింది కూడా చిన్నాన్నే.

ఇప్పుడా క్వార్టర్లు పడగొట్టారు. పక్కింటివాళ్లు మాంగో అనే పేట వైపు వెళ్లిపోయారు. మట్టి బొమ్మరిళ్లు కట్టే పిల్లలు కనబడరు. చిన్నాన్న మాత్రం వస్తూనే ఉంటాడు. మొన్న నాకొచ్చిన ఉద్యోగం గురించి నాన్న అడిగితే, నావైపు తిరిగి “ఇంతకన్నా మంచిది నేదురా” అన్నాడు. నేను తలూపి, టీ గ్లాసు అందించి, బయటికొచ్చి ఇంకొకరిని అడిగాను.