మొక్కు లేని జుట్టు

తొంభైల్లో తిరుపతిలో, మా హాస్టల్ సీనియర్ ఒకాయన, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో తిరగబడ్డ కవుల మీద పరిశోధన చేసేవాడు. ఆ ఊపులో భుజాల దాకా జుట్టు పెంచాడు. టీకొట్టు దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరు అడిగేవారు.

"కొండకు మొక్కుండాదా అబ్బా?"

నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుని, "మొక్కు గాదప్పా, తిరుగుబాటు!" అనేవాడు.

వాళ్ళ నాయనకు పక్షవాతమని చంద్రగిరికి వెళ్ళినవాడు గుండుతో తిరిగొచ్చాడు.

"మాయమ్మ నా జుట్టిస్తానని మొక్కుకునిందప్పా. వద్దని యెట్ల సెప్పేది? ఇంక సేద్యం నేనే సూసుకోవాల."

ఊరినిండా గుండ్లే. ఆయనదొక్కటే నాకు చూడబుద్ధి కాలేదు.

"పరిశోధన వదిలేస్తావా అన్నా?" అన్నాను.

ఆయన చెయ్యి అలవాటుగా నుదుటి మీదికి వెళ్ళింది. తోసుకోడానికేమీ లేక అక్కడే ఆగిపోయింది.