మేస్త్రీ నమిలిన బియ్యం

మీ దగ్గర పనిచేసే మనిషిని మీరు చివరిసారి ఎప్పుడు కొట్టారు? "నేనా? కొట్టడమా?" అని కళ్లు పెద్దవి చేయకండి. పదిమందిలో దొంగ అనడం కొట్టడం కాదా? నోరెత్తితే రేపటినుంచి రావద్దనడం కొట్టడం కాదా? మనుషులతో పని చేయించడం ఒక విద్య. మనవాళ్లు ఆ విద్యను ఎద్దులను తోలుతూ నేర్చుకున్నారు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి గిడ్డంగిలో కాటా గుమాస్తాని. నల్లపాడు వైపు నుంచి ఆడవాళ్లు వచ్చి కాయలకు తొడిమలు తీసేవారు. గాలి తగిలితే సరుకు బరువు తగ్గుతుందని యజమాని తలుపులు మూయించేవాడు. లోపల ఘాటుకు ఊపిరాడేది కాదు. మంచినీళ్లకు లేవబోతే, వాళ్లమీద అజమాయిషీ చేసే మేస్త్రీ చెర్నాకోల ఝళిపించేవాడు. "ఇది చూపిస్తేగానీ వీళ్ల చేతులు ఆడవండీ" అనేవాడు. యజమాని నవ్వేవాడు. ఆయన చదువుకున్నవాడు. ఇంగ్లీషు పేపరు తెప్పించుకునేవాడు.

ఒకరోజు కాటా దగ్గర ఇత్తడి తూకపురాయి కనిపించలేదు. వెతుకుదామన్నాను. యజమాని వెతకనివ్వలేదు, మంత్రగాణ్ణి పిలిపించాడు. మంత్రించిన బియ్యం ఒక్కొక్కరి నోట్లో వేస్తారు. నమిలి ఉమ్మాలి. ఎవరి పిండి పొడిగా పడితే వాళ్లే దొంగ.

"భయపడితే ఎవరి నోరైనా ఎండుతుందండీ. పైగా పొద్దుటినుంచి వీళ్లకు చుక్క నీళ్లు లేవు" అన్నాను.

"నీ హేతువాదం సభల్లో చెప్పుకో. ఇది నా గిడ్డంగి" అన్నాడు యజమాని.

మేస్త్రీ ముందుగా పిలిచింది ఒక బాలింతను. నీళ్ల కోసం ముందురోజు అతనితో గొడవపడిన మనిషి. ఆమె నమిలి ఉమ్మింది. నేలమీద పొడిపిండి రాలింది.

"నా నోట్లో తడేడుందయ్యా? పొద్దుగాల నించీ మిరపదుమ్ము మింగుతుంటిని!"

చెర్నాకోల ఆమె వీపు మీద పడింది. ఆమె ఇటు తిరిగేసరికి రెండో దెబ్బ ముఖం మీద పడింది. తోలు కొస కంట్లో తగిలి చెంప నిండా రక్తం కారింది. జుట్టు పట్టుకుని ఈడ్చాడు. నేను అతని చెయ్యి పట్టుకుంటే మోచేత్తో నా మూతి పగలగొట్టాడు.

అప్పుడు లేచారు ఆడవాళ్లంతా. వాళ్లలో పెద్దది, పళ్లూడిన ముసలామె, చెర్నాకోల లాగేసుకుంది. మిగతావాళ్లు మేస్త్రీని మిరపరాశి మీద పడేసి, ముఖం కాయల్లోకి అదిమి, మెడ మీద మోకాళ్లు పెట్టారు. మంత్రగాడు చెప్పులు వదిలేసి బస్తాల మీదుగా దూకి పారిపోయాడు.

"ఏరా మేస్త్రీ, నీ నోరెప్పుడూ కల్లుతో తడిగానే ఉంటదిగా! నములు నాయనా, నములు!" అంటూ ముసలామె అతని నోట్లో బియ్యం కుక్కింది.

అతను నమిలాడు. ఉమ్మాడు. పొడిపిండే పడింది.

ఎవరో ఒక్కరు నవ్వారు. ముసలామె మంత్రగాడు వదిలేసిన బియ్యం పళ్లెం యజమాని ముందుకు చాపింది. "తవరూ ఓ గుప్పెడు వేసుకోండి బాబుగారూ."

ఆయన వెనక్కి వెనక్కి నడిచి, గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు.

ఆ బాలింతకు ఆ కంటిచూపు మళ్లీ రాలేదు. మర్నాటి నుంచి ఒక్క ఆడమనిషీ పనికి రాలేదు. సరుకు రాశులుగా పేరుకుపోయింది. చివరికి యజమానే నన్ను వెంటబెట్టుకుని వాళ్ల పల్లెకు వెళ్లాడు. మేస్త్రీని తీసేశానని, నీళ్ల కుండలు పెట్టించానని చెప్పాడు.

"అయి సరే. ఈ పిల్ల దొంగ కాదని అందరి ముందూ చెప్పండి" అంది ముసలామె.

ఆయన నేల చూస్తూ చెప్పాడు.

"నేలకెందుకండీ? దానికి చెప్పండి."

కట్టు కట్టిన ఆమె ముఖం చూసి చెప్పాడు. ఆమె బిడ్డను భుజం మార్చుకుని అంది: "ఈ మాట ఆరోజే అనుంటే నాకు కన్నుండేదిగా."

ఆ తూకపురాయి ఏమైందో నాకిప్పటికీ తెలియదు. తెలిసినా ఆ కన్ను తిరిగి రాదు.

మీ కొట్టులోనో, మీ ఆఫీసులోనో ఇప్పుడు ఎవరో ఒకరు మీ అనుమానాన్ని నెత్తిన మోస్తూ పని చేస్తున్నారు. ఎవరో మీకు తెలుసు. లేవండి. వెళ్లి ఆ మనిషి ఎదురుగా కూర్చోండి. రుజువుంటే చూపించండి, ఆ మనిషి చెప్పేదంతా వినండి. రుజువు లేకపోతే ఆ మనిషి తప్పు చేయలేదని అందరికీ వినబడేలా చెప్పండి. రేపు కాదు, ఇప్పుడే.